ముందు ఆ కార్డు వెతకండి: రొమ్ము ఇంప్లాంట్‌తో ఏళ్ల తరబడి ఉండటం ఎలా

2013 జూన్‌లో నా ఎడమ రొమ్ము తీసేశారు. ఛాతీ కండరం కింద ఒక సంచి పెట్టి, వారం వారం సూదితో ఉప్పునీరు ఎక్కిస్తూ చోటు సాగదీశారు. 2014 జనవరిలో ఆ సంచి తీసి, దాని స్థానంలో సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. నాకప్పుడు 44 ఏళ్లు. రాజమండ్రి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఎలా పడుకోవాలి, ఎంత బరువు ఎత్తవచ్చు, చెయ్యి ఎంతవరకు లేపాలి అన్నవన్నీ మొదటి ఆరు వారాలకు రాసిచ్చారు. ఏడో వారానికి ఆ కాగితంలో ఏమీ లేదు. "ఇక హాయిగా ఉండండి అమ్మా" అని పంపేశారు.

హాయిగానే ఉన్నాను. కానీ ఒంట్లో ఉన్న ఆ వస్తువుకూ వయసు వస్తుందని, దాని లెక్క రాసుకోవలసింది నేనేనని తెలియడానికి నాకు ఐదేళ్లు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని రాస్తున్నాను. క్యాన్సర్ తర్వాత పెట్టించుకున్నా, పుట్టుకతో రెండు పక్కలా తేడా ఉండి పెట్టించుకున్నా, అందం కోసం పెట్టించుకున్నా, తర్వాత చూసుకోవలసిన తీరు చాలావరకు ఒకటే. వేరుగా ఉన్నచోట చెబుతాను.

కార్డు

2019 జూలై 24న అలర్గాన్ అనే కంపెనీ, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోరిక మీద, బయోసెల్ అనే గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. ఆ వార్త చదివి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, నీది ఏ కంపెనీది?" అని అడిగింది. నాకు తెలియదు. ఐదున్నర ఏళ్లుగా నా గుండె మీద ఉన్న వస్తువు పేరు నాకు తెలియదు. ఇంట్లో ఫ్రిజ్ కొన్న రసీదు ఉంది, దీనికి లేదు.

ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి రికార్డుల గది మూసి ఉంది. రెండోసారి పాత ఫైళ్లు వేరే భవనంలో ఉన్నాయన్నారు. మూడోసారి ఒక గుమాస్తా దయతలచి గంటన్నర వెతికి నా కేసు షీటు తీశాడు. ఆపరేషన్ వివరాలు రాసిన పేజీ చివర ఒక చిన్న స్టిక్కర్ అంటించి ఉంది. ఇంప్లాంట్ పెట్టెలో కంపెనీవాళ్లే ఈ స్టిక్కర్లు పెడతారు. ఒకటి కేసు షీటు మీద అంటిస్తారు, ఇంకొకటి కార్డు మీద అంటించి రోగికి ఇవ్వాలి. నాకు ఇవ్వలేదు, అడగాలని నాకూ తెలియలేదు.

మీ దగ్గర కార్డు లేకపోతే ఈ వారమే వెళ్లి అడగండి. ఆసుపత్రులు పాత ఫైళ్లను ఎల్లకాలం ఉంచవు. కంపెనీ పేరు, మోడల్, లాట్ నంబరు, సీరియల్ నంబరు, పరిమాణం ఎన్ని సీసీలు, లోపల సిలికాన్ జెల్లా ఉప్పునీరా, పైపొర నున్నటిదా గరుకుదా, ఏ పక్క, ఏ తేదీన పెట్టారు, కండరం పైనా కిందా అన్నవి కావాలి. కండరం సంగతి స్టిక్కర్ మీద ఉండదు, ఆపరేషన్ నోట్సులో ఉంటుంది, అందుకని దాని నకలు కూడా తీసుకోండి. నేను ఒక నకలు పర్సులో పెట్టుకున్నాను, ఫొటో ఫోనులో ఉంది, ఇంకొకటి మా అమ్మాయి దగ్గర ఉంది.

ఈ కాగితం విలువ ఫ్రాన్సులో పాలీ ఇంప్లాంట్ ప్రోతేజ్ కంపెనీ కథ తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. వైద్యానికి అనుమతి లేని పారిశ్రామిక సిలికాన్ నింపి ఆ కంపెనీ ఇంప్లాంట్లు అమ్మిందని 2010లో బయటపడింది. అనేక దేశాల్లో ఆడవాళ్లు తమ లోపల ఉన్నది అదేనా కాదా అని కాగితాలు వెతుక్కున్నారు.

నాది గరుకు రకమే, కానీ వెనక్కి పిలిచిన జాబితాలో లేదు. ఆ జాబితాలో ఉన్నవాళ్లు కూడా వెంటనే పరుగెత్తి తీయించుకోవలసిన పని లేదు. ఏ లక్షణమూ లేనివాళ్లు తీయించుకోవాలని ఎఫ్‌డీఏ చెప్పలేదు. ఏ గుర్తు కోసం కనిపెట్టుకుని ఉండాలో తెలిస్తే చాలు. ఆ గుర్తుల సంగతి కిందనే ఉంది.

ఒకటో తారీకు

నెలకోసారి ఇంట్లోనే రొమ్ములు పరీక్షించుకోవాలి. నెలసరి ఆగిపోయిన నాకు అందుకు ఒకటో తారీకే గుర్తు, జీతం పడే రోజు కాబట్టి. నెలసరి వస్తున్నవాళ్లు అది మొదలైన వారం పది రోజులకు చూసుకుంటే రొమ్ముల్లో సలపరం, గట్టిదనం తక్కువగా ఉంటాయి. ఐదు నిమిషాల పని. తలుపు గడియ వేసుకుని, వెలుతురు బాగా ఉన్న అద్దం ముందు నిలబడాలి.

మొదట కళ్లతో చూడండి. రెండు పక్కలూ పోయిన నెల ఉన్న ఎత్తులోనే ఉన్నాయా? ఒకటి పైకి జరిగిందా? కింది మడత చెదిరిందా? చర్మం ఎర్రబడిందా, గుంట పడిందా? తర్వాత చేత్తో చూడండి. ఇంప్లాంట్ అంచులు మొదట్లో తెలియని గడ్డల్లా భయపెడతాయి. మూడు నాలుగు నెలలు చూసుకుంటే మీ అంచు మీకు తెలిసిపోతుంది, ఆ తర్వాత కొత్తగా వచ్చినది ఏదైనా వేలికి తగులుతుంది. చంక, కాలరు ఎముక పైభాగం కూడా చూడాలి. క్యాన్సర్‌కు రొమ్ము తీయించుకున్నవాళ్లు మచ్చ పొడవునా నిదానంగా వేలు నడపండి. జబ్బు మళ్లీ ఆ పక్కే వస్తే చాలాసార్లు చర్మం కిందనో మచ్చ దగ్గరనో చిన్న బఠాణీలా తగులుతుంది.

కనిపెట్టవలసిన వాటిలో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది వాపు గురించి. ఏళ్ల తర్వాత, దెబ్బ తగలకుండా, ఒక పక్క హఠాత్తుగా ఉబ్బితే ఇంప్లాంట్ చుట్టూ నీరు చేరి ఉండవచ్చు. చాలాసార్లు అది ప్రమాదం లేనిదే అవుతుంది. కానీ గరుకు ఇంప్లాంట్లతో ముడిపడిన ఒక అరుదైన లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్, ఇలాగే బయటపడుతుంది. అది రొమ్ము క్యాన్సర్ కాదు. ఇంప్లాంట్ చుట్టూ మన శరీరం అల్లుకునే పొరలో, ఆ నీటిలో పుడుతుంది, ఎక్కువగా పెట్టించుకున్న 8 నుంచి 10 ఏళ్ల మధ్య. తొందరగా పట్టుకుంటే ఇంప్లాంట్‌నూ పొరనూ పూర్తిగా తీసేస్తే చాలామందికి నయమవుతుంది. అందువల్ల నీరు తీసేటప్పుడు డాక్టరును ఒక మాట అడగండి: ఆ నీటిని పారబోయకుండా సీడీ30 పరీక్షకు పంపుతారా? ఈ లింఫోమాను పట్టుకోవడానికి చేసే పరీక్ష అది. ఈ ప్రశ్న రాసిన చీటీ నా పర్సులో కార్డు వెనకే ఉంది. నున్నటి రకం ఉన్నవాళ్లు కూడా వాపును తేలికగా తీసుకోకండి. నున్నటివీ గరుకువీ రెండు రకాల చుట్టూ ఉన్న పొరలోనూ మరికొన్ని అరుదైన క్యాన్సర్లు కనబడ్డాయని 2022 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

గట్టిపడటం రెండోది. ఆ పొర అందరికీ ఏర్పడుతుంది. కొందరికి అది బిగుసుకుపోయి ఇంప్లాంట్‌ను పిండుతుంది. దీనికి బేకర్ అనే కొలమానం ఉంది. ఒకటిలో మెత్తగా సహజంగా ఉంటుంది, రెండులో చేతికి కాస్త గట్టిగా తగులుతుంది, మూడులో ఆకారం మారినట్టు కంటికి కనిపిస్తుంది, నాలుగులో నొప్పి కూడా ఉంటుంది. రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఇది ఎక్కువ. ఎవరైనా గట్టిగా పిసికి ఆ పొరను చితకగొడతామంటే ఒప్పుకోకండి, ఇంప్లాంట్ పగులుతుంది.

జ్వరంతో పాటు ఎరుపు, వేడి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్ఫెక్షన్ ఏళ్ల తర్వాత కూడా రావచ్చు.

ఇక అలసట, కీళ్ల నొప్పులు, మతిమరుపు, నిద్రలేమి. ఇవి ఇంప్లాంట్ వల్లనే వచ్చాయని చెప్పే స్త్రీలు చాలామంది ఉన్నారు, తీయించుకున్నాక తగ్గిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. దీన్ని తేల్చే పరీక్ష ఇప్పటికైతే లేదు. అయినా ఇంప్లాంట్ల సమాచార పత్రంలో పెట్టాలని 2021లో ఎఫ్‌డీఏ కోరిన హెచ్చరికలో ఈ లక్షణాలకూ చోటిచ్చారు. నా మాట ఇది: ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ డి చూపించుకోండి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ లాంటి మందులు వాడుతుంటే వాటి సంగతీ అడగండి. అన్నీ సరిగ్గా ఉండి బాధ తగ్గకపోతే, "అంతా మీ భ్రమ" అనే డాక్టరు దగ్గర ఆగిపోకండి.

స్కానింగు

ఉప్పునీటి ఇంప్లాంట్ పగిలితే కొద్ది రోజుల్లోనే చదునైపోతుంది, మీకే తెలుస్తుంది. నీటిని శరీరం పీల్చేసుకుంటుంది. సిలికాన్ జెల్ అలా కాదు. అది పగిలినా చాలాసార్లు చుట్టూ ఉన్న పొరలోనే ఉండిపోతుంది. నొప్పి ఉండదు, ఆకారం మారదు. అందుకే ఏ బాధా లేకపోయినా, పెట్టించుకున్న 5, 6 ఏళ్లకు మొదటిసారి, తర్వాత 2, 3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గాని ఎంఆర్‌ఐ గాని చేయించుకోవాలని ఎఫ్‌డీఏ 2020లో సూచించింది.

నేను 2019 చివర మొదటిసారి చేయించుకున్నాను, బాగుంది. 2022లో అల్ట్రాసౌండ్‌లో తెల్లటి మసక కనిపించింది, మంచు కురిసినట్టు. దాన్ని డాక్టర్లు మంచుతుఫాను గుర్తు అంటారట. ఎంఆర్‌ఐకి పంపారు. పగిలింది. నాకు అప్పటివరకు చీమకుట్టినంత బాధ కూడా లేదు.

అల్ట్రాసౌండ్ ఖర్చు తక్కువ, కానీ చేసేవారి అనుభవాన్ని బట్టి ఉంటుంది. అనుమానం తీర్చేది ఎంఆర్‌ఐ. ఆ చీటీ మీద "ఇంప్లాంట్ పగిలిందేమో చూడాలి" అని స్పష్టంగా రాయించండి, ఎందుకంటే క్యాన్సర్ కోసం తీసే తీరు వేరు, దీనికి తీసే తీరు వేరు. పగులు చూడటానికి మాత్రమైతే నరంలోకి ఎక్కించే మందు అవసరం లేదు. బోర్లా పడుకోబెట్టి, రొమ్ములు కిందికి వేలాడేలా అమర్చి తీస్తారు. బంగారం, లోహం ఏదీ ఉండకూడదు. మెట్టెలు బిగిసిపోయి ఉంటే ముందు రాత్రే సబ్బు నీళ్లతో తీసిపెట్టుకోండి, అక్కడ హడావిడిలో రావు. పుస్తెలు తీయడానికి మనసొప్పనివాళ్లు నాలాగే పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకోవచ్చు. చోటు సాగదీసే సంచి ఇంకా లోపలే ఉన్నవాళ్లు మాత్రం ముందుగా చెప్పి తీరాలి, వాటిలో చాలా రకాలకు అయస్కాంతం ఉంటుంది.

మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, సంగతి వేరు. రొమ్ము పూర్తిగా తీసి ఇంప్లాంట్ పెట్టిన పక్కన మామూలుగా అది అవసరం ఉండదు. మిగిలిన రొమ్ముకు డాక్టరు చెప్పిన ప్రకారం తప్పనిసరి. నేను ఏటా దసరా సెలవుల్లో చేయించుకుంటాను. సొంత రొమ్ము ఉండి దాని వెనక ఇంప్లాంట్ ఉన్నవాళ్లు పేరు రాయించేటప్పుడే ఆ మాట చెప్పాలి. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురిది ఇదే పరిస్థితి. ఇంప్లాంట్‌ను వెనక్కి నెట్టి, రొమ్మును ముందుకు లాగి అదనపు ఫిల్ములు తీస్తారు, రెండు పక్కలా కలిపి నాలుగు ఎక్కువ. పగులుతుందని భయపడి మామోగ్రామే మానేసినవాళ్లున్నారు. అది చాలా పొరపాటు. ఆ భయం టెక్నీషియన్‌కు చెప్పండి, ఒత్తిడి చూసుకుని చేస్తారు.

స్పర్శ లేని చోటు

దీని గురించి ఎవరూ హెచ్చరించకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

2015 డిసెంబరులో దగ్గు పట్టుకుని ఛాతీ బరువుగా ఉంటే, రాత్రి వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది. పొద్దున జాకెట్టు తడిగా ఉంది. చూస్తే ఎడమ పక్క అరచేయంత బొబ్బ, పగిలి నీరు కారుతోంది. నాకు నొప్పి లేదు. రొమ్ము తీసినప్పుడు నరాలు తెగుతాయి, ఆ చర్మానికి వేడి, చల్లన, నొప్పి తెలియవు. పైగా కింద కొవ్వు లేదు, పలుచటి చర్మం, దాని కింద ఇంప్లాంట్. ఆ పుండు లోతుకు దిగి ఉంటే ఇంప్లాంట్ బయటపడి తీసేయవలసి వచ్చేదని డాక్టరు అన్నారు. మానడానికి ఐదు వారాలు పట్టింది.

అప్పటి నుంచి ఆ పక్కన వేడినీళ్ల సంచి, కాపడం, నొప్పికి రాసే బామ్ పూర్తిగా మానేశాను. తలంటుకునేటప్పుడు మొదటి చెంబు కుడి భుజం మీద పోసుకుంటాను, అది ఒప్పుకుంటేనే ఎడమ పక్కకు. పోపు పెట్టేటప్పుడు ఆవాలు చిట్లి జాకెట్టు మీద పడితే కుడి పక్క చురుక్కుమంటుంది, ఎడమ పక్క ఏమీ తెలియదు. అందుకే పొయ్యి దగ్గర మందపాటి తువ్వాలు కట్టుకుంటాను. గంజి వార్చేటప్పుడు గిన్నె మీదికి వంగను. రాత్రి స్నానం తర్వాత ఆ పక్క చర్మం ఒకసారి అద్దంలో చూసుకుంటాను, ఎందుకంటే దోమ కుట్టినా, హుక్కు గీరినా కన్నే చెప్పాలి.

చలి విషయం దీనికి తోడు. కార్తీకంలో గోదావరి స్నానం చేసి వస్తే ఒళ్లంతా వేడెక్కాక కూడా ఆ పక్క చాలాసేపు చల్లగా ఉంటుంది. సిలికాన్ నెమ్మదిగా వేడెక్కుతుంది. ప్రమాదమేమీ లేదు, ఒక శాలువా చాలు. ఈత, విమాన ప్రయాణం, బోర్లా పడుకోవడం, ఏవీ ఇంప్లాంట్‌కు హాని చేయవు. నాలాగా కండరం కింద ఉన్నవాళ్లకు చపాతీలు ఒత్తేటప్పుడు, బోరింగు కొట్టేటప్పుడు అది పైకి ఎగిరినట్టు కదులుతుంది. కండరం బిగుసుకోవడం వల్ల అలా అవుతుంది, హాని లేదు.

చంకలో గ్రంథులు తీయించుకున్నవాళ్లకు ఒక మాట. ఆ చేతి గాజులే మీకు కొలబద్ద. రోజూ వేసుకునే గాజులు బిగుతుగా అనిపిస్తే చెయ్యి వాస్తోందని అర్థం, వెంటనే చూపించుకోండి. సూది, బీపీ పట్టీ రెండో చేతికి వేయమని నేను అడుగుతాను.

భార్యాభర్తల మధ్య కూడా ఈ స్పర్శ సంగతి మాట్లాడుకోవాలి. మా ఇంట్లో రెండేళ్లు మాట్లాడుకోలేదు. నాకు నొప్పి పుడుతుందేమోనని ఆయన దూరంగా ఉన్నారు, ఇష్టం పోయిందని నేను అనుకున్నాను. చివరికి ఆయన చెయ్యి పట్టుకుని "ఇక్కడ తెలియదు, ఇక్కడ తెలుస్తుంది" అని చూపించాను. ఇద్దరికీ తేలికైంది.

జాకెట్టు

ఇది చిన్న విషయం కాదు. రోజూ వేసుకునేది.

ఒక పక్కే ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ తేడా పెరుగుతుంది. సొంత రొమ్ము వయసుతో జారుతుంది, ఒళ్లు వస్తే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఇంప్లాంట్ ఉన్నచోటే, ఉన్నంతే ఉంటుంది. 2014లో కుట్టించిన ఆది జాకెట్టుతో 2018 వరకు కుట్టించి, అన్నీ ఎడమ పక్క పైకి లేచిపోతున్నాయని బాధపడ్డాను. ఆది పాతదైందని తట్టలేదు.

మా వీధి చివర దర్జీ అమ్మాయికి విషయం చెప్పేశాను. "టీచరు గారూ, ముందే చెప్తే బాగుండేది కదా, పక్కకొకటి కొలుస్తాను" అంది. అంతే. ఇప్పుడు భుజం నుంచి రొమ్ము మొన వరకు, మొన నుంచి నడుము పట్టీ వరకు రెండు పక్కలూ వేరుగా కొలిచి, టక్కులు వేరు వేరు ఎత్తుల్లో వేస్తుంది. ఎడమ పక్క లైనింగు రెండు పొరలు. కుడి పక్క లోపల చిన్న జేబు కుట్టించాను, పలుచటి ప్యాడ్ పెట్టుకోవడానికి. హుక్కులు ముందే ఉండాలి, చేతులు వెనక్కి తిప్పే అవసరం ఉండదు. కప్పుల్లా బిగించే కటోరీ కుట్టు నాకు నప్పలేదు, ప్రిన్సెస్ కట్ నప్పింది. ఏడాదికోసారి ఆది మార్చండి. లోపల వేసుకునేది తీగ లేనిది, మెత్తటిది ఉండాలి. తీగ గుచ్చుకున్నా ఆ చర్మానికి తెలియదు.

2015 జూలై పుష్కరాలకు ముదురు రంగు నూలు జాకెట్టు, మందపాటి లైనింగుతో కుట్టించుకున్నాను, తడిసినా అంటుకోకుండా. నిశ్చింతగా మునిగాను. 2027లో మళ్లీ వస్తాయి, ఆ జాకెట్టు ఇంకా దాచే ఉంచాను.

రెండోసారి ఆపరేషన్

ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదు. అందం కోసం పెట్టించుకున్న ఐదుగురిలో ఒకరి వరకు, తీసేసిన రొమ్ము స్థానంలో పెట్టించుకున్న ఇద్దరిలో ఒకరి వరకు పదేళ్లలోపు తీయించుకోవలసి రావచ్చని ఎఫ్‌డీఏ 2011లో చెప్పింది. అలాగని పదేళ్లు నిండగానే బాగున్నదాన్ని మార్చాలన్న నియమమూ లేదు. తారీకు చూసి మార్చమనేవాళ్లను కారణం అడగండి.

నాకు 2023 జనవరిలో మార్చారు. పగిలిన జెల్‌ను, పొరను తీసి, నున్నటిది పెట్టారు. మొదటిదానికన్నా తేలికగా గడిచింది. రెండు రోజులు ఆసుపత్రిలో, వారం రోజులు డ్రైన్ గొట్టంతో, నెలన్నర బరువులు ఎత్తకుండా ఉన్నాను. ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను అడగవలసినవి మూడు: తీసిన పొరను పరీక్షకు పంపుతారా, తీసిన ఇంప్లాంట్ ఫొటో, నంబరు నాకు ఇస్తారా, కొత్తదాని కార్డు డిశ్చార్జి రోజే చేతికిస్తారా. మళ్లీ పెట్టించుకోకుండా ఊరుకోవచ్చా అని కూడా అడగండి. అదీ ఒక మంచి దారే. నాతోపాటు కీమో తీసుకున్న ఆవిడ అలాగే చేసింది, నూలు ప్యాడ్ పెట్టుకుని పొలం పనులు చేసుకుంటోంది.

డబ్బు సంగతి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీని మినహాయిస్తాయి. కానీ ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం ఆ మినహాయింపు కిందికి రాదని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనలోనే ఉంది. నా దరఖాస్తును మొదట "కాస్మెటిక్" అని తిప్పికొట్టారు. పాలసీలో ఆ వాక్యం కింద గీత గీసి, 2013 నాటి బయాప్సీ రిపోర్టు, సర్జన్ ఉత్తరం జతచేసి మళ్లీ పంపాను. ఇరవై రోజుల తర్వాత మంజూరైంది. సర్జన్ ఉత్తరంలో "క్యాన్సర్ శస్త్రచికిత్స అనంతర పునర్నిర్మాణం" అన్న మాట తప్పకుండా రాయించండి.

ఇంప్లాంట్ పగిలినా, పొర బిగుసుకున్నా ఆ విషయం మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి పంపమని మీ సర్జన్‌ను అడగండి. వైద్య పరికరాల వల్ల కలిగే ఇబ్బందులను నమోదు చేయడానికి 2015లో మొదలైంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. ఆ ఫారంలో కంపెనీ పేరు, మోడల్, లాట్ నంబరు గడులు ఉంటాయి. 2022లో నా సర్జన్ వాటి కోసం అడిగినప్పుడు పర్సు తీసి కార్డు నకలు ఆయన బల్ల మీద పెట్టాను.